ఆ శుక్రవారం బడికి సెలవు లేదు

ఆగస్టు పదిహేనుకు ఇంకా వారం ఉందనగా శ్రీలత అనే చిన్న వయసు టీచరు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. ఇటిక్యాల దగ్గర ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతుందట. జెండా పండుగ నాడు వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అడిగి, నేను ఒప్పుకోగానే ఒక కాగితం చేతిలో పెట్టింది. నేను చెప్పవలసినవన్నీ అందులో వరుసగా రాసి ఉన్నాయి. త్యాగధనుల పేర్లు, దేశభక్తి, క్రమశిక్షణ, చివరకు నా అనుభవం. "స్వాతంత్ర్యం వచ్చిన రోజు మీ ఊర్ల ఎట్ల సంబురం చేసుకున్నరో చెప్పండి మేడం. మిఠాయిలు పంచింది గిట్ల చెప్తే పిల్లలు ఇష్టపడతరు. ఐదు నిమిషాలు సాలు" అంది. మంచి పిల్ల. తనకు పై నుంచి వచ్చిన కాగితమే నాకు ఇచ్చి ఉంటుంది. నేను తల ఊపి, మంచినీళ్ళిచ్చి పంపాను.

ఆమె వెళ్ళాక అలమర తెరిచాను. పన్నెండో ఏట మొదలుపెట్టి ఇప్పటిదాకా ఒక్క రోజు మానకుండా రాసిన దినచర్య పుస్తకాలు అందులో సంవత్సరాల వారీగా ఉన్నాయి. కింది అరలో ఎడమ చివరిది మొదటి నోటుబుక్కు. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, సిరా గోధుమ రంగుకు తిరిగింది. మొదటి పుటలో మూడే వాక్యాలు. "ఈ దినం శుక్రవారం. బడి ఉన్నది. అవ్వ వచ్చింది." ఢిల్లీలో జెండా ఎగిరిన రోజు గురించి నా చేతిరాతలో ఉన్నది ఇంతే. మిఠాయి మాట లేదు. ఆ నోటుబుక్కు పక్కనే, వేపాకు వేసి మడిచిపెట్టిన తెల్ల చీర ఒకటి ఉంది. ఆ మూడు వాక్యాలకు అర్థం ఆ చీరలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

మా ఇల్లు గద్వాలలో మగ్గాల వీధిలో ఉండేది. ముందరి గదిలో గుంట మగ్గం, వెనక గదిలో పొయ్యి, రెంటి నడుమ గడపలో అవ్వ రాట్నం. అవ్వ అంటే మా నాయన తల్లి నర్సమ్మ. తెల్లవారక ముందే వీధి పొడవునా పడుగులు సాగదీసి గంజి పెట్టేవారు. ఆ పులిసిన గంజి వాసన, జొన్నరొట్టె మాడిన వాసన, అవ్వ నశ్యం వాసన మూడూ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. అవ్వ నూలు కండెలు చుడుతూనే ఇంటిని నడిపేది. పొయ్యిలో కట్టె ఎప్పుడు వెనక్కి లాగాలో, ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళాలో, నాయన ఏ రంగుకు ఏ రంగు వేయాలో అన్నీ రాట్నం ఆపకుండానే చెప్పేది. రాట్నం ఆగిందంటే ఇంట్లో ఏదో పెద్ద మాట రాబోతున్నదని మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే చెవి ఇటు పెట్టేది.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట నూలు పోగు పట్టు పోగును మెలివేసుకొని వెనక్కి తిరుగుతుంది. సూది పని ఏమీ లేకపోయినా దాన్ని మేము కుట్టు అంటాం. రెండు అంచుల చీర నేయాలంటే అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలు మూడు ఆడాలి, ఒక్క మనిషితో కాదు. రెండో పక్క కూర్చొని నాడె అందుకొనే మనిషి మా ఇంట్లో అమ్మ. అమ్మ వంటకు లేస్తే నేను. ఊరందరి పెళ్ళిళ్ళకూ ఇట్లా పట్టు అంచులు నేసిన మా నాయన, కన్నతల్లికి మాత్రం ఏడాదికి ఒక్క బోడి చీర నేసేవాడు. అంచు లేదు, కొంగు లేదు, చుక్క రంగు లేదు. మా తాత పోయినప్పటి నుంచి, అంటే ముప్పై ఏళ్ళుగా, అవ్వ కట్టింది అదే. కులం కట్టుబాటు. దాని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

తుంగభద్ర అవతల కర్నూలు ఇంగ్లీషువాళ్ళ ఇలాకా, ఇవతల మాది నిజాం ఇలాకా. నాయన నెలకొకసారి చీరల మూట తీసుకొని రైల్లో కర్నూలు పోయి వచ్చేవాడు. ఆ జులై చివర పోయివచ్చి చెప్పిన సంగతులు వింటూ మేము అన్నం కూడా మరిచిపోయాం. ఏటి అవతల దర్జీలకు తీరిక లేదట, ఎక్కడ చూసినా జెండాలు కుడుతున్నారట, ఆగస్టు పదిహేనున తెల్లదొరలు పోతున్నారట. అవతలికే స్వాతంత్ర్యం, మాకు లేదు. మా ఊళ్ళో అప్పటికే డప్పు కొట్టి చెప్పారు, మూడు రంగుల జెండా ఎవరింట్లో దొరికినా జైలేనని. రంగులద్దేవాళ్ళకు కూడా తాకీదు ఇచ్చారు. నాయన గొంతు తగ్గించి, అరచేయి చాపి, ఆ జెండా ఎట్లా ఉంటుందో వేలితో గీసి చూపించాడు. పైన కాషాయం, నడుమ తెలుపు, కింద పచ్చ, మధ్యలో చక్రం.

రాట్నం ఆగింది. "గిదేనా జెండ?" అంది అవ్వ. "గిది గంగాజమున చీర గదరా."

రెండు అంచులకు రెండు రంగులు వేస్తే దాన్ని మా దగ్గర గంగాజమున అంటారు. నాయన పకపకా నవ్వాడు, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ నవ్వలేదు. ఆ ఏటి బోడి చీరకు పడుగు ఇంకా ఎక్కించలేదు కదా అని అడిగింది. మొన్నటి పెళ్ళి చీరల్లో మిగిలిన కాషాయం పట్టు, పచ్చ పట్టు అటక మీద ఉన్నాయి కదా అని తనే గుర్తు చేసింది. తన చీరకు అంచు పెట్టమంది. నువ్వు అంచు కడితే కులం వాళ్ళు ఊరుకోరని నాయన మెల్లగా అన్నాడు. చక్రం మాట అమ్మ ఎత్తింది. చక్రం లేకుండా జెండా ఎట్లా అవుతుందని, అట్లయినా ఆ ఆలోచన మానుతుందేమోనని. అవ్వ రాట్నం మీద చెయ్యి వేసి, నలభై ఏండ్ల నుంచి తిప్పుతున్న చక్రం తన దగ్గర ఉన్నదని, ఇంకోటి అక్కరలేదని చెప్పి మళ్ళీ కండె ఎక్కించుకుంది.

నాయన ఆ చీరను పది రోజులు నేశాడు. తలుపు మూయలేదు. మూస్తే అనుమానం. ఎవరైనా అడిగితే రాయచూరు వాళ్ళెవరికో గంగాజమున అని చెప్పేవాడు. మా కులపెద్ద రాఘవులు మాత్రం మగ్గం మీది నూలు ముతకదని చూసి, ఇది అమ్మకం చీర కాదని పట్టేశాడు. ఎవరికో కూడా ఊహించాడు. వచ్చి అరుగు మీద కూర్చొని, అధిక శ్రావణంలో కొత్త బట్ట కట్టరాదని, పదిహేనో తారీఖు అమావాస్య ముందు రోజని, అందులోనూ భర్త లేని మనిషి అని మొదలుపెట్టాడు. అవ్వ అతని కంటే పెద్దది, అతని తల్లికి పురుడు పోసిన చేయి. "ఏటి అవతల అధికమాసం లేదా రాఘవులూ? ఇద్దరికి ఒక్కటే చంద్రుడు గద" అంది. అతను తువ్వాలు దులుపుకొని లేచిపోయాడు.

ఇక బడి సంగతి. మా ఇలాకాలో బళ్ళకు వారం సెలవు శుక్రవారం, ఇప్పుడు ఆదివారం లాగా. ఆ పదిహేను సరిగ్గా శుక్రవారం పడింది. నేను చదివే ఆడపిల్లల బడిలో జులేఖా ఉస్తానీ అనే ఆవిడ పంతులమ్మ. సన్నటి మనిషి, ఎప్పుడూ సుద్దముక్క అంటిన వేళ్ళు. ఆవిడ బుధవారం నాడు పిల్లలను నిలబెట్టి, ఈ శుక్రవారం సెలవు లేదని, అందరూ రావాలని, రానివాళ్ళ పేర్లు కొట్టేస్తారని చెప్పింది. చెప్పేటప్పుడు మా వైపు కాకుండా కిటికీ వైపు చూసింది. అది పై నుంచి వచ్చిన హుకుమో, ఊళ్ళో ఎవరైనా భయపడి పెట్టిన నియమమో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలు వీధుల్లో ఉంటే జెండా అంటారని, గదిలో కూర్చోబెట్టారు. మగ్గాల వీధి నుంచి బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆడపిల్లకు చదువేమిటని అందరూ అన్నప్పుడు నా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి చేర్పించింది అవ్వే.

అందుకే అవ్వ ఆ చీర కట్టుకొని తనే నన్ను బడికి దిగబెడతానన్నప్పుడు అమ్మకు ఏడుపు వచ్చింది. అత్తను ఎదిరించి మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. పిల్ల చదువు పోతుందని, మగ్గం పోతుందని, ఆయన్ను పట్టుకుపోతారని ఒక్కొక్కటే చెప్పింది. అవ్వ అంతా విని, "సదువు పోతదని నోరు మూసుకునుడే నేర్పేటట్టుంటే, గా సదువెందుకు పిల్లకు?" అంది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కానీ అవ్వ చీర కట్టుకొని గడపలోకి వచ్చేసరికి అమ్మే మళ్ళీ ఆపింది. పచ్చ అంచు నెత్తి మీదికి వచ్చింది, కాషాయం కాళ్ళ దగ్గర ఉంది. ముప్పై ఏళ్ళు పైనా కిందా లేని చీర కట్టిన చేతులకు, ఏ అంచు ఎటు పోవాలో తెలియలేదు. అమ్మ కళ్ళు తుడుచుకొని, తలుపు దగ్గరికి వేసి, అత్త చీర విప్పి తనే తిరగేసి కట్టింది. నెత్తి చుట్టూ కాషాయం, పాదాల దగ్గర పచ్చ, నడుమంతా తెలుపు. అవ్వ ముఖం నాకు కొత్తగా కనిపించింది.

మగ్గాల వీధి నుంచి బడికి పావుగంట నడక. ఆ రోజు ఎంత సేపు నడిచామో చెప్పలేను. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం మాత్రం వినిపించింది. బజారులో ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. బడి ఆవరణలో ఉస్తానీ మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. రంజాను నెల, ఉపవాసంలో ఉంది. కాసేపు చూసి, లోపలి నుంచి తన కుర్చీ తెచ్చి అవ్వకు వసారాలో వేసింది. హాజరు పిలిచింది. అందరం ఉన్నాం.

రెండో గంటలో అమీన్ వచ్చాడు. అమీన్ అంటే ఇప్పటి ఎస్సై. ఇద్దరు జవాన్లు వెంట ఉన్నారు. బజారు నుంచి ఎవరో చెప్పి ఉంటారు. అవ్వ లేవలేదు.

"ఏ బుడ్డీ, ఏంది ఇది?"

"చీరె సాబ్."

"జెండా లెక్క ఉన్నది."

"నీకు గట్ల కనపడుతున్నదా? మాకు గంగాజమున లెక్క ఉన్నది. మీ ఇంట్ల బేగం సాబకు సుత ఒకటి నేసియ్యమందునా మా కొడుకును?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమీన్ ముఖం మారింది. ఊళ్ళో ఎన్నేళ్ళ నుంచో ఉన్నవాడు, మా కట్టుబాట్లన్నీ తెలుసు. ఎక్కడ కొడితే తగులుతుందో అక్కడే కొట్టాడు. మొగుడు చచ్చినదానికి అంచు ఎందుకని, నీ కులం వాళ్ళే ఉమ్మేస్తారని అన్నాడు. అవ్వ చేతిలోని నశ్యం డబ్బీ మూత పెట్టింది. గొంతు పెంచలేదు.

"మొగుడు పోయిండని ముప్పై ఏండ్లు బోడి చీరె కట్టిన. గది నా కులపోళ్ళు చెప్పిన్రు, విన్న. ఇయ్యాల నువ్వు చెప్తున్నవు. ఇంకెంతమంది మాట వినాలె నేను? ఇప్పుమంటవా బిడ్డా? ఇప్పుత. గీ ఆడపిల్లల నడుమ, గీ పట్టపగలు. నోరు తెరిచి అను."

జవాన్లు నేల చూశారు. అమీన్ ఉస్తానీ వైపు తిరిగి, జరిగింది రాసి పంపమని గద్దించాడు. ఆవిడ సుద్ద వేళ్ళు తుడుచుకుంటూ మర్యాదగానే అడిగింది. "ఏం రాయాలె సాబ్? ముసలమ్మ చీరె కట్టుకొని బడికి వచ్చిందని రాయాల్నా? కట్టుకోకుండ వస్తె రాసే మాట గని." అమీన్ మమ్మల్నందరినీ ఒకసారి చూసి, నా మీద కన్ను నిలిపి, వెళ్ళిపోయాడు.

అతను పోయాక బడి బడిలా సాగలేదు. ఉస్తానీ పలకలు తీయమనలేదు. నా పక్కన కూర్చునే రుక్కమ్మ వసారాలోకి పోయి, ఏటి అవతల ఇవాళ బళ్ళకు సెలవంట, మనకెందుకు లేదని అవ్వను అడిగింది. "సెలవు ఇచ్చేటోడిస్తె వస్తది, లేదంటె పోతది. పండుగ గట్ల కాదు బిడ్డా. ఎవ్వరు ఇయ్యకున్నా చేసుకుంటరు, గదే పండుగ" అంది అవ్వ. ఆపైన తన కొంగు తీసి వాళ్ళ ముందు పరిచి, తెలుపూ కాషాయమూ కలిసే చోట చెరో పక్క పట్టుకొని గుంజమంది. కొత్త చీర అని పిల్లలు భయపడ్డారు. గుంజమని గదమాయించింది. నలుగురు ఇటు, నలుగురు అటు పట్టుకొని లాగారు. కుట్టు కదల్లేదు. ఇటు నూలు, అటు పట్టు, వేరు వేరు ఇళ్ళ నుంచి వచ్చిన పోగులు, తన కొడుకు మెలివేశాడు, ఎవరు గుంజినా రావని చెప్పింది. అక్షరం రాని అవ్వ చెప్పిన ఆ పాఠం కంటే మంచి పాఠం నేను ముప్పై ఆరేళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో చెప్పలేదు.

శనివారం పొద్దున్నే జవాన్లు మా ఇంటికి వచ్చారు. ఆ చీర ఎవరు నేశారని అడిగారు. నేనే అన్నాడు నాయన. ఒకడు చూరులో ఉన్న కొడవలి తీసి మగ్గం మీద ఉన్న పడుగును అడ్డంగా కోశాడు, రెండు చోట్ల. నాలుగు చీరల పడుగు. తెగిన పోగులన్నీ ఒక్కసారి వదులై గుంటలోకి జారాయి. ఆ చప్పుడు ఏమంత పెద్దది కాదు, పొడి ఆకుల మీద పిల్లి నడిచినంత. నాయన గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. ఇదంతా నీ వల్లే అని అమ్మ అంటుందని నేను ఎదురు చూశాను. అమ్మ చేతులు కడుక్కొని వచ్చి, గుంటలోకి దిగి, తెగిన పోగు ఒకటి అందుకొని, దానికి ఎదురు పోగు వెతికి, బొటనవేలితో పురి తిప్పి అతికింది. ఇంకోటి అందుకుంది. మళ్ళీ ఇంకోటి. అవ్వ రాట్నం పక్కకు జరిపి ఆమె పక్కన కూర్చుంది.

ఆ పొద్దు నేను బడికి పోతే ఉస్తానీ నా పేరు కొట్టలేదు. మధ్యాహ్నం నన్ను పిలిచి ఒక కొత్త నోటుబుక్కు ఇచ్చింది. రోజూ ఏం జరిగిందో రాయమంది. "ఏం అనిపించిందో రాయకు. ఏం అయిందో రాయి. రేపు ఎవరన్న కాలేదు అంటె చూపియ్యాలె." అందుకే శుక్రవారం మాట నేను శనివారం రాశాను. ఆ తర్వాతి పుటలన్నీ అతికిన పోగుల లెక్కలే. నావి నూట పది. నావి నూట ముప్పై ఐదు. ఎనిమిదో రోజున మగ్గం ఆడింది. ఆ పడుగుతో నేసిన నాలుగు చీరల్లోనూ దగ్గరగా చూస్తే అతుకుల గీత కనిపించేది. నాయన దాన్ని దాచలేదు.

అవ్వ ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ చీరే కట్టింది. మరుసటి వేసవిలో పోయింది. పోయే ముందు, తనను ఆ చీరతో కాల్చవద్దని, పిల్లలకు చూపించడానికి ఉంచమని చెప్పింది. ఆమె పోయిన నాలుగైదు నెలలకు మా ఇలాకా కూడా దేశంలో కలిసిపోయింది. ఆ రోజు మగ్గాల వీధిలో అందరికంటే ముందు పైకి లేచిన జెండా అవ్వ చీరే, నాయన ఇంటి కప్పు మీద నుంచి నిలువునా వేలాడదీశాడు.

ఈ సంగతులన్నీ శ్రీలత ఇచ్చిన కాగితంలో ఎక్కడా ఇమడవు. ఇప్పటి పిల్లలను నేను తప్పు పట్టను. వాళ్ళకు పొద్దున్నే మైకు, రెండు పాటలు, ఒక లడ్డూ, ఆపైన సెలవు. మేము వాళ్ళకు ఇచ్చింది అంతే. ఏ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పకుండా, అందరికీ ఒకే సంబురం జరిగిందని ఒకే కాగితం ఇచ్చిన పెద్దవాళ్ళ మీద నా కోపం. మా ఆయన పోయాక నేను ఒక్క రోజు కూడా అంచు లేని చీర కట్టలేదు. మా వీధిలో అట్లా కట్టని మొదటిదాన్ని నేనే. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనకపోవడానికి కారణం ఎవరో ఈ పిల్లలకు తెలియాలి కదా.

పదిహేనున అవ్వ చీర తీసి కట్టుకున్నాను. పాతబడిందని, చిరుగుతుందని, చేతిలో పట్టుకొని చూపిస్తే చాలదా అని మా కోడలు అడ్డం వచ్చింది. చీర కట్టుకోవడానికి నేస్తారని చెప్పాను. బడిలో మైకు ముందు నిలబడి, ఈ రోజు మన ఊళ్ళకు స్వాతంత్ర్యం రాలేదు అని మొదలుపెట్టాను. హెడ్మాస్టరు శ్రీలత వైపు చూశాడు, శ్రీలత నేల వైపు చూసింది. నేను ఐదు నిమిషాలు కాదు, నలభై నిమిషాలు మాట్లాడాను. లడ్డూల పళ్ళెం దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. చివరన కొంగు చాపి, తెలుపూ కాషాయమూ కలిసే చోట పట్టుకొని గుంజమన్నాను. ముసలి బట్ట, మేం గుంజం అన్నారు పిల్లలు. శ్రీలత తనే ముందు వచ్చి ఒక పక్క పట్టుకుంది. అప్పుడు ఇద్దరు పిల్లలు రెండో పక్క పట్టుకున్నారు.

ఇంటికి వచ్చి ఉస్తానీ చెప్పినట్టే, అనిపించింది కాకుండా అయింది మాత్రం రాశాను. "ఈ దినం బడికి సెలవు. పిల్లలు వచ్చారు. గుంజితే చీర ఒళ్ళు జానెడు చిరిగింది. కుట్టు తెగలేదు."